జోర్డాన్ ఎడారిలో ఐదు రోజులు: గైడ్ ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

టూర్ ప్రకటనలో "గరిష్ఠంగా ఎనిమిది మంది" అని రాసి ఉంటే నమ్మి డబ్బు కట్టాం. రాజధాని అమ్మాన్‌లో పొద్దున్నే హోటల్ ముందు ఆగిన వ్యాన్ ఎక్కి తలలు లెక్కపెడితే పదమూడు. నేను, మా వారు, మా వదిన, ఆవిడ కూతురు కలిపి నలుగురం. మిగతా తొమ్మిది మందిని ఇంకో గ్రూపు నుంచి తెచ్చి కలిపేశారు. డ్రైవర్‌ని అడిగితే ఆఫీసుని అడగమన్నాడు, ఆఫీసు వాళ్ళు సాయంత్రం మాట్లాడదామన్నారు. "మన ఊరి షేర్ ఆటోకి ఇంత దూరం రావాలా అమ్మా?" అంది వదిన.

సాయంత్రం గట్టిగా అడిగాక మా నలుగురికీ, ఒక స్పెయిన్ జంటకీ కలిపి మర్నాటి నుంచి స్థానిక గైడ్‌ని వేరుగా ఇచ్చారు. అప్పటి నుంచే అసలు యాత్ర మొదలైంది. కట్టే ముందే "మమ్మల్ని వేరే గ్రూపుతో కలుపుతారా?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. నన్నడిగితే అమ్మాన్ నుంచి పెట్రాకి (కొండల్ని తొలిచి కట్టిన పాతకాలపు నగరం) టూర్ వ్యానే అక్కర్లేదు. ఎడారి హైవే మీద మూడు గంటల ప్రయాణం, దారిలో చూడాల్సింది పెద్దగా లేదు. పొద్దున బయల్దేరే జెట్ (JETT) కంపెనీ బస్సు ఎక్కి, మిగిలిన డబ్బు పెట్రాలో మంచి గైడ్ మీద పెట్టొచ్చు.

టికెట్ల సంగతి ముందే చెప్పేస్తాను. అక్కడి దీనార్ మన వంద రూపాయల పైమాటే, డాలర్ కన్నా ఖరీదు. పెట్రాకి ఒక్కరోజు టికెట్ 50 దీనార్లు, వీసా 40. అదే ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో జోర్డాన్ పాస్ కొంటే పెట్రా రెండు రోజులకి 75, వీసా రుసుము ఉండదు. వాదీ రమ్ ఎడారి ప్రవేశం కూడా అందులోనే. అయితే దేశంలో కనీసం మూడు రాత్రులు ఉండాలి, పాస్ అక్కడ దిగకముందే కొనాలి. ధరలు మారుతుంటాయి, వెళ్ళే ముందు ఒకసారి చూసుకోండి.

పెట్రా పక్కన ఉండే ఊరు వాదీ మూసా, కొండవాలు మీద ఉంటుంది. పైన బజారు దగ్గర హోటళ్ళు చవక, గేటు దగ్గరవి ఖరీదు. మేం చవకకి ఆశపడి పైన దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, టిఫిన్‌లో ఫలాఫెల్ (మన మసాలా వడకి దగ్గరి చుట్టం) కడుపునిండా పెట్టారు. కానీ రోజంతా రాళ్ళలో నడిచొచ్చాక ఆ ఎత్తు ఎక్కాలంటే ఏడుపొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గేటు దగ్గరే దిగండి.

ఇక పెట్రా. లోపలికి వెళ్ళేది సిక్ అనే ఇరుకు కొండచీలికలోంచి, 1.2 కిలోమీటర్లు. గండికోటలో గండిని పైనుంచి చూస్తాం, ఇక్కడ దాని అడుగున నడుస్తాం. అందరూ తలలెత్తి ఫోన్లు పట్టుకున్నారు. మా గైడ్ మాత్రం "ముందు కింద, గోడ పక్కన చూడండి" అన్నాడు. ఒక గోడ వెంట రాతిలో తొలిచిన కాలువ, రెండో గోడ వెంట మట్టి గొట్టాల వరస. కొండల ఊటల నీళ్ళు రెండు వేల ఏళ్ళ కిందట నగరంలోకి వచ్చిన దారి అదీ. సిక్ మొదట్లో వరద అటు రాకుండా మళ్ళించే ఆనకట్ట, కొండకి తొలిచిన సొరంగం చూపించాడు. కాలం గడిచి ఆ ఏర్పాటు పాడైపోయాక, 1963లో సిక్‌లోకి హఠాత్తుగా వరదొచ్చి ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారట. ఆనకట్టని మళ్ళీ కట్టింది ఆ తర్వాతే. ఇప్పటికీ వరద ముప్పు ఉందంటే పెట్రాని మూసేస్తారు.

ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 150 మిల్లీమీటర్లు. 550 పడే అనంతపురాన్ని మనం కరువు జిల్లా అంటాం. ఈ 150తో పెట్రాని కట్టిన నబాతీయులు తోటలు పెంచారు, ధూపద్రవ్యాల బిడారులకి నీళ్ళిచ్చి, సుంకం తీసుకుని రాజ్యమేలారు. క్రీ.శ. 106లో రోమన్లు కలిపేసుకునేదాకా వాళ్ళదే హవా. సిక్ గోడ మీద ఒంటెల బిడారు శిల్పం ఉంది, పై భాగం అరిగిపోయి కాళ్ళే మిగిలాయి. గైడ్ చూపించకపోతే దాన్ని దాటి వెళ్ళిపోయేవాళ్ళం.

సిక్ చివర చీలికలోంచి సన్నగా కనిపించే ఆ గులాబీ రంగు కట్టడం అల్ ఖజ్నే, అంటే ఖజానా. మన 'ఖజానా' అనే మాటా అరబ్బీ నుంచి వచ్చిందే. సుమారు 40 మీటర్ల ఎత్తు. నిజానికది సమాధి. పైనున్న రాతి కలశంలో బంగారం ఉందనుకుని బెదూయిన్లు (ఎడారి సంచార తెగలవాళ్ళు) తుపాకులతో కాల్చారు, ఆ దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. 2024లో దాని ముందు నేల కింద ఇంకో సమాధి, అందులో 12 అస్థిపంజరాలు దొరికాయి. మా గైడ్ తండ్రి ఇక్కడి గుహలోనే పుట్టాడట. 1980లలో వాళ్ళ బదూల్ తెగని పక్కనే ఉన్న ఉమ్ సైహూన్ ఊరికి మార్చారు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు.

ఖజ్నే దాటాక గైడ్ లేకపోయినా ఫర్వాలేదు. రంగస్థలం, రాజుల సమాధులు, స్తంభాల వీధి, అన్నిచోట్లా బోర్డులున్నాయి, మన నడకలో మనం చూసుకోవచ్చు. గుర్రాల వాళ్ళతో జాగ్రత్త. గేటు నుంచి సిక్ దాకా సవారీ "టికెట్‌లోనే ఉంది" అంటారు, దిగాక టిప్ దగ్గర గొడవ. గాడిదల మీద మెట్లెక్కడం మాకు మనసొప్పలేదు.

రెండో రోజు గైడ్‌కి ఇచ్చిన ప్రతి దీనారూ గిట్టుబాటైంది. మఠం అని పిలిచే అద్ దేర్ కట్టడానికి అందరూ కింద నుంచి 800 మెట్లెక్కి వస్తారు. మా గైడ్ మమ్మల్ని లిటిల్ పెట్రా అనే పక్క చోటు వైపు నుంచి జీపులో కొంతదూరం తీసుకెళ్ళి, వెనక దారిన కొండ అంచుల వెంట నడిపించాడు. దాదాపు రెండు గంటలు. ఒకట్రెండు చోట్ల వదిన చెయ్యి పట్టుకుని దాటించాడు. మఠం వెనకనుంచి బయటపడ్డాం, మెట్లు దిగడమే మిగిలింది. తెలిసినవాళ్ళు లేకుండా ఈ దారిన వెళ్ళొద్దు. పెట్రా టికెట్ ముందే చేతిలో ఉండాలి.

వాదీ రమ్‌కి దక్షిణంగా రెండు గంటల దారి. టయోటా పికప్ వెనక బెంచీలేసి తిప్పుతారు. ఇక్కడి గైడ్ వేరు, ఆ లోయలోనే పుట్టి పెరిగిన జలాబియా తెగవాడు. ఒకే రోజులో పన్నెండు చోట్లు చూపిస్తామనే ప్యాకేజీలుంటాయి, తీసుకోకండి. మేం చూసింది నాలుగే. ఖజాలీ చీలికలో గోడ మీద పాదాల బొమ్మలు, జంతువులు, పాత లిపి. తర్వాత ఐన్ షలాలా ఊట దాకా ఎక్కాం. పైన ఇసుకరాయి, కింద గ్రానైట్. వాన ఇసుకరాయిలో ఇంకి, గ్రానైట్ దాటలేక ఆ రెండూ కలిసేచోట బయటికొస్తుంది. "పచ్చగా గీత కనబడితే అక్కడ నీళ్ళు" అని కొండ మీద చెట్ల వరసని వేలుతో చూపించాడు. సాయంత్రానికి ఆ గీతలు మా కళ్ళకే తెలిసిపోయాయి.

బస ఎంపికలో మా వారికీ నాకూ గొడవైంది. ఆయనకి గాజు గుమ్మటం లాంటి బబుల్ టెంట్ కావాలి. ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి మేకబొచ్చు గుడారాల క్యాంపులో ఉన్నాం. బబుల్‌లో సొంత బాత్రూమ్, హీటర్, దాంతోపాటే రాత్రంతా మోటారు హోరు. చుట్టూ దీపాలకి చుక్కలు సగమే కనిపించాయి. గుడారంలో బాత్రూమ్ బయట, నవంబర్ చలికి మూడు దుప్పట్లు కప్పుకున్నా వణికాం. కానీ పదింటికి దీపాలార్పాక ఆకాశం చూసి ఆయనే లోపలికి రానన్నారు.

భోజనం జర్బ్. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పుల మీద అరలరలుగా మాంసం, కూరగాయలు, అన్నం పెట్టి మూసేస్తారు. శాకాహారులకి ఒక మాట: పై అరలో మాంసం ఉంటే దాని కొవ్వు కింది కూరగాయల్లోకి కారుతుంది. ముందే చెప్తే విడిగా చుట్టి పెడతారు. మేం ఆలస్యంగా చెప్పడంతో ఆ రాత్రి వదినకి హమ్మస్ (శనగల ముద్ద), రొట్టె, మేం తెచ్చిన కందిపొడి.

ఆవిడ పొడిలో ఆలివ్ నూనె పోసి రొట్టె అద్దుకుంటుంటే గైడ్ ఆశ్చర్యపోయాడు. వాళ్ళు జాతర్ పొడిని (ఎండు ఆకులు, నువ్వులు కలిపిన పొడి) తినేదీ అలాగే, రొట్టెని నూనెలో ముంచి పొడి అద్దుకుని. ఒక ముద్ద తిన్నాడు, కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో ముద్ద అడిగాడు. పొద్దున బయల్దేరేటప్పుడు వదిన డబ్బా అతనికే ఇచ్చేసింది.