గొడవలు మొదలయ్యాక అక్కడే ఉండడం మేలా, వచ్చేయడం మేలా?

విదేశంలో ఉన్న పిల్లలు ఫోను చేసి ఊళ్లో గొడవలు మొదలయ్యాయని చెబితే, విశాఖలోని ఇళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. తల్లి వెంటనే వచ్చేయమంటుంది. తండ్రి నాలుగు రోజులు చూద్దామంటాడు. ప్రభుత్వం విమానం పంపుతుంది, అందాకా ఆగమని బంధువులు అంటారు. నేను తల్లి పక్షమే. అయితే ఒక షరతు ఉంది: మామూలు విమానాలు నడుస్తున్నంత వరకే. అవి ఆగిపోయి, వీధులు మూకల చేతికి చిక్కాక, గడప దాటకపోవడమే మేలు.

ఉక్రెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం, ఉండి తీరవలసిన అవసరం లేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోయే ఆలోచన చేయాలని సూచించింది. ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది, గగనతలం మూసేశారు. ఆ రోజు కీవ్‌కు బయలుదేరిన ఎయిరిండియా విమానం దారిలోనే వెనుదిరిగింది. మధ్యలో దొరికిన ఆ తొమ్మిది రోజుల్లో చాలామంది కదలలేదు. ఆన్‌లైన్ తరగతులకు కళాశాలలు ఒప్పుకోలేదు, హాజరు పోతుందన్న బెంగ, పైగా టికెట్ల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పు చేసి చదివిస్తున్న తండ్రి ఇంకో వారం చూడమంటే తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ సుమీ నగరంలో చిక్కుకున్న దాదాపు 700 మంది భారతీయ విద్యార్థులు మార్చి 8 వరకు బయటపడలేకపోయారు. కుళాయిలు ఎండిపోతే మంచు కరిగించుకుని తాగారు. చదువులో పోయిన ఏడాదిని మళ్లీ కూడగట్టుకోవచ్చు. అందుకే రాయబార కార్యాలయం నోట ‘అవసరం లేకపోతే వెళ్లండి’ అన్న మాట రాగానే, రెండో సూచన కోసం ఆగకుండా టికెట్ కొనాలంటాను. పరిస్థితి చల్లబడి ఆ డబ్బు వృథా అయినా సరే.

ఇక ఉండిపోవడం. 2024 మే 17 రాత్రి కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతిగృహాలపై మూకలు దాడి చేశాయి. అక్కడ వైద్యవిద్య చదివే మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. బయటికి రావద్దని భారత రాయబార కార్యాలయం చెప్పింది, అదే సరైన సలహా. దాడి చేసేవారు రోడ్డు మీద ఉన్నప్పుడు పెట్టె పట్టుకుని విమానాశ్రయానికి బయలుదేరడమంటే వారికి ఎదురు వెళ్లడమే. అయితే ఉంటున్న చోటు ఎలాంటిదన్నది కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 9న కాఠ్మాండూలో పార్లమెంటు భవనంతో పాటు హిల్టన్ హోటల్ కూడా తగలబడింది. ప్రభుత్వ భవనాలకు, నాయకుల ఇళ్లకు దగ్గరలో బస ఉంటే, వీధి ప్రశాంతంగా ఉన్న వేళ చూసుకుని తెలిసినవారి ఇంటికి మారిపోవాలి.

మూడోది ప్రభుత్వ విమానం. నేపాల్ నుంచి తెలుగువారిని తీసుకుని అదే సెప్టెంబరు 11న ప్రత్యేక విమానం విశాఖలో దిగినప్పుడు మనమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆ విమానం రాగలిగిందంటే, కాఠ్మాండూ విమానాశ్రయం ముందురోజే తిరిగి తెరుచుకుంది కాబట్టి. సూడాన్‌లో ఆ అదృష్టం లేదు. 2023 ఏప్రిల్ 15న పోరు మొదలవుతూనే ఖార్టూమ్ విమానాశ్రయం యుద్ధభూమిగా మారింది. అక్కడి భారతీయులను తరలించేందుకు ప్రభుత్వం చేపట్టిన ఆపరేషన్ కావేరిలో మన తూర్పు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ సుమేధ ఓడ తొలి విడతగా 278 మందిని సౌదీలోని జెడ్డాకు చేర్చింది. ఓడ ఆగింది మాత్రం పోర్ట్ సూడాన్‌లో. ఖార్టూమ్ నుంచి అక్కడికి రోడ్డు మీద 800 కిలోమీటర్లకు పైనే. ఆ ప్రయాణమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే చేయాలి. నావికుల మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ వారు వస్తారన్న ధీమాతో చేతిలో ఉన్న టికెట్‌ను వదులుకోకూడదు.

గాజువాక నుంచో శ్రీకాకుళం నుంచో వెల్డింగ్, ఫిట్టర్ పనులకు వెళ్లినవారి సంగతి వేరు. వచ్చేయమని చెప్పడం తేలిక. కొందరి పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుంది, జీతం బకాయి ఉంటుంది. బకాయి పోతుందని ఆగేవారికి నా మాట ఒక్కటే: వచ్చేయండి. పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర ధ్రువపత్రంతో స్వదేశానికి రావచ్చు. పని ఒప్పందం, జీతం చీటీలు, పాస్‌పోర్టు పేజీల ఫొటోలు ముందే ఇంటికి పంపి ఉంచితే బకాయి కోసం తర్వాతైనా అడగవచ్చు.

ఇవన్నీ గొడవ మొదలయ్యాక ఫోనులో మాట్లాడుకోవచ్చని అనుకోకండి. 2024 జులై 18 రాత్రి, గొడవల మధ్య బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్ ఆగిపోయింది. అక్కడ చదువుతున్న పిల్లలు ఇంట్లోవారి సలహా అడిగే వీలు లేకుండానే సరిహద్దు వైపు కదలాల్సి వచ్చింది. సరిహద్దు ఊరైన అఖౌరా మీదుగా మన త్రిపురలోని అగర్తలా చేరినవారు ఉన్నారు. కాబట్టి బిడ్డ విమానం ఎక్కకముందే కూర్చుని మాట్లాడుకోండి. దిగిన వారంలోనే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించాలి. తిరుగు టికెట్ డబ్బు విడిగా ఉంచాలి, ఫీజుకైనా ముట్టుకోకూడదు. దగ్గరి సరిహద్దు ఏదో, అక్కడికి ఎలా వెళ్లాలో తెలిసి ఉండాలి. ఫోను కలవకపోతే నిర్ణయం బిడ్డదేనని, ఏది చేసినా ఇంట్లో ఎవరూ నిందించరని తండ్రి స్వయంగా చెప్పి పంపాలి.