లేబర్ రూమ్‌లో బిడ్డ గుండె చప్పుడు: నా కాన్పు అనుభవం

గత నెలలో గుంటూరులోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో నాకు రెండో కాన్పు అయింది. గదులు, భోజనం, బిల్లు సంగతి ఇప్పటికే చాలామంది రాశారు కనుక, నొప్పులు పడుతున్నంతసేపూ కడుపులోని బిడ్డను అక్కడ ఎలా కనిపెట్టుకుని ఉన్నారన్నదే రాస్తున్నాను.

లేబర్ రూమ్‌లో సిస్టరు గారు ఏనాడూ అరగంట దాటనివ్వకుండా చేతి డాప్లర్ అనే చిన్న పరికరంతో బిడ్డ గుండె చప్పుడు విన్నారు. ఒక అరచేతిని పొట్ట మీద ఆనించి, నొప్పికి గట్టిపడిన పొట్ట మళ్లీ మెత్తబడే వరకు వింటూ, ఆ తరువాత కూడా గడియారం చూసుకుంటూ నిండు నిమిషం లెక్కపెట్టేవారు. తల్లి నాడినే బిడ్డ గుండెగా పొరబడకూడదని నా మణికట్టు పట్టుకుని నాడిని వేరుగా చూసేవారు. "142 అమ్మా, బాగుంది" అని ప్రతిసారీ అంకెను పైకే చెప్పేవారు. 110 నుంచి 160 వరకు మామూలేనని నాకు ముందే తెలుసు కాబట్టి, ఆ ఒక్క మాట వినడం కోసమే తరువాతి నొప్పిని ఓర్చుకున్నాను. ఉమ్మనీరు పోయినప్పుడు కూడా రంగు చూసి, తేటగానే ఉందని నాకు చెప్పి మరీ రాసుకున్నారు.

మధ్యాహ్నం నొప్పులు పెరగడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ పెట్టాక బిడ్డ గుండె వేగాన్ని, నొప్పులను ఎడతెగకుండా కాగితం మీద గీసే సీటీజీ యంత్రం బెల్టులు రెండు పొట్టకు కట్టారు. ఆ మందుతో నొప్పులు మరీ దగ్గరదగ్గరగా వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గే ప్రమాదం ఉంది కనుక అప్పుడు ఎడతెగకుండా చూడటమే సరైనది. ఆరోగ్యంగా ఉండి, నొప్పులు వాటంతట అవే వచ్చినవారికి నిరంతర సీటీజీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అవసరం వచ్చే వరకు నన్ను యంత్రానికి కట్టేయకుండా నడవనిచ్చినందుకు వారికి కృతజ్ఞురాలిని.

లోపం జరిగింది కూడా ఆ బెల్టుల దగ్గరే. నేను ఎడమ పక్కకు ఒత్తిగిలగానే బెల్టు కింద గుండె చప్పుడును పట్టే ప్రోబ్ జారింది, తెర మీద అంకె పోయి అలారం మోగింది, గదిలో సిస్టరు లేరు. మా అమ్మ వరండాలోకి పరుగెత్తి పిలిచినా, పక్క గదిలో మరో కాన్పు చూస్తున్న ఆమె రావడానికి సమయం పట్టింది. నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున నడిచే ఆ కాగితం మీద ఆరు సెంటీమీటర్ల ఖాళీ ఉంది. ప్రోబ్ సర్దగానే చప్పుడు వినిపించింది, బిడ్డ క్షేమం. తప్పు ఆ సిస్టరుది కాదు. ఇద్దరు బాలింతలు కాబోయేవారిని ఒక్కరికే అప్పగించిన యాజమాన్యానిది.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఇక్కడ చేరేవారు లేబర్ రూమ్‌లో ఒక్కో షిఫ్టుకు ఎందరు సిస్టర్లు ఉంటారో ముందే అడగండి.