టెరియాకి చికెన్, నూడుల్స్: మూడేళ్లు వండాక

సియాటిల్‌కి వచ్చిన కొత్తలో మా ఆఫీసు వెనక చిన్న టెరియాకి కొట్టు ఉండేది. టెరియాకి అంటే సోయా సాస్‌తో చేసిన తియ్యటి పూత పట్టించి కాల్చే జపనీస్ వంటకం. డబ్బాలో సగం అన్నం, దాని మీద నిగనిగలాడే చికెన్, ఓ మూల క్యాబేజీ తరుగు. 1976లో తొషిహిరో కసహారా అనే ఆయన ఇక్కడ పెట్టిన హోటల్ బాగా నడవడంతో ఊరంతా ఇలాంటివి వెలిశాయి. వారానికి మూడుసార్లు తినేవాణ్ణి. పాప పుట్టాక బయటి తిండి తగ్గించి ఇంట్లో మొదలుపెట్టాను. పాపకి అన్నం కన్నా నూడుల్సే ఇష్టం కాబట్టి అవీ చేరాయి. మూడేళ్లుగా మా ఇంట్లో దాదాపు ప్రతి శుక్రవారం రాత్రి ఇదే.

మొదటి ఆరు నెలలు సీసా సాసే వాడాను. పేరు ఎందుకులెండి. పచ్చి చికెన్ మీద ఆ సాస్ పోసి పొయ్యి మీద పెడితే నీళ్లూరి ముక్కలు ఉడికిపోయేవి. రంగు రావాలని మంట పెంచితే చక్కెర మాడేది. ఒకసారి పొగకి అలారం మోగి, నిద్రపోతున్న పాప లేచి, ఇల్లంతా గోల. స్టీల్ పెనానికి అంటిన మాడు పోవడానికి రెండు రోజులు నానబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు దీనికోసం నాన్‌స్టిక్ తప్ప ముట్టను.

జపనీస్‌లో ‘తెరి’ అంటే మెరుపు, ‘యాకి’ అంటే కాల్చడం. ముందు ముక్క కాలాలి, పూత చివర్లో పట్టాలి. నేను చేసింది సరిగ్గా తలకిందులు! పైగా నూడుల్స్‌కి రసం కావాలి, టెరియాకికేమో చుక్క రసం మిగలకూడదు. ఈ రెండిటికీ సయోధ్య కుదర్చడానికే నాకు ఏడాది పట్టింది.

ఇప్పుడు చేసేది ఇలా. 600 గ్రాముల బోన్‌లెస్ తొడ ముక్కలు తీసుకుంటాను. బ్రెస్ట్ వాడితే పూత పట్టేలోపు పీచులా అయిపోతుంది. తడి బాగా తుడిచి, ఉప్పూ సాసూ ఏదీ వేయకుండా రెండు వైపులా ఎర్రగా కాల్చి పక్కన పెడతాను. పెనంలో మిగిలిన కొవ్వు తుడిచేసి జపనీస్ సోయా సాస్ 4 టేబుల్‌స్పూన్లు, మిరిన్ 4, నీళ్లు 2, చక్కెర ఒకటిన్నర వేస్తాను. మిరిన్ అంటే బియ్యంతో చేసే తియ్యటి మద్యం. అసలైన దాంట్లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. ‘మిరిన్ లాంటిది’ అని అమ్మే చవక రకంలో ఒక శాతం కూడా ఉండదు, అదీ పనికొస్తుంది గానీ మెరుపు కాస్త తక్కువ. డార్క్ సోయా సాస్ మాత్రం వద్దు. చూడ్డానికి తారులా, తింటే చేదుగా వస్తుంది.

ఈ సాస్ మరిగి చిక్కబడే రెండు మూడు నిమిషాలే అసలు పరీక్ష. ఎప్పుడు దించాలో ఏ వీడియో చూసినా నాకు అర్థం కాలేదు. కిందటేడు అమ్మ వచ్చినప్పుడు పక్కన నిలబడి చూసి, “ఇది అరిసెల పాకమేరా, తీగ రాకముందే ఆపెయ్” అంది. అంతే! నురగ చిన్న బుడగల నుంచి పెద్ద బుడగలకి మారి, గరిట వెనక పూతలా నిలిచినప్పుడు ముక్కలు వేసి, ఒక నిమిషం తిప్పి తీసేయాలి. కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. అమ్మకి రుచి నచ్చలేదు, అది వేరే సంగతి. “కోడిని బెల్లంలో వండుకుంటారా ఎక్కడైనా” అని పక్కన ఆవకాయ వేసుకుని తింది.

చికెన్ తీశాక పెనంలో అడుగున రెండు చెంచాల పాకం మిగులుతుంది. ఉడాన్ (గోధుమపిండితో చేసే లావు జపనీస్ రకం) నూడుల్స్ ఉడికిన నీళ్లు, అంటే పలచటి గంజి, నాలుగు చెంచాలు అందులో పోస్తే పాకం వదులవుతుంది. అందులో నూడుల్స్ వేసి ఎగరేస్తే ఒక్కో పోగుకీ పడుతుంది, అడుగున నీళ్లు నిలవవు. వేరే సాస్ పొయ్యను. ఫ్రీజర్‌లో దొరికే లావు ఉడాన్ దీనికి బాగా కుదిరింది, వేడినీళ్లలో ఒక్క నిమిషం చాలు. బక్‌వీట్ పిండితో చేసే సోబా నూడుల్స్ కూడా ప్రయత్నించాను, వాటి వగరు ఈ తీపితో నాకు నప్పలేదు. ఇండియన్ షాపులో దొరికే ఎండు హక్కా నూడుల్స్ ఫర్వాలేదు, కాకపోతే పలుకు మీదే వార్చి చన్నీళ్లతో కడగాలి, లేదంటే ముద్దే. పైన వేయించిన నువ్వులు, ఉల్లికాడలు. నాకూ మా ఆవిడకీ ఎండుమిరప తునకలు కూడా.

ఇబ్బందులూ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ఉప్పు. ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. నాలుగు స్పూన్లు ముగ్గురం పంచుకుంటే తలా 1200. రోజంతటికీ 2000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నాకు బీపీ మొదలయ్యాక ఉప్పు తగ్గించిన సోయా సాస్‌కి మారాను. రుచిలో కాస్త తేడా ఉంది, అలవాటైపోయింది. పాప వాటాలో పాకం కూడా తక్కువే వేస్తాను.

ఇక మర్నాటి లంచ్‌బాక్స్‌కి ఇది పనికిరాదు. పూత ముక్కలోకి ఇంకిపోయి మెరుపంతా పోతుంది, నూడుల్స్ ఒకటే ఉండలా లేస్తాయి. మిగిలితే శనివారం పొద్దున గుడ్డు కొట్టి వేయించేస్తున్నాను, దాన్ని మాత్రం టెరియాకి అనను.