ఎఫ్ఎంబీ ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లకు కోగో కమాండ్లు ఎంతవరకు పనికొస్తాయి?

తిరుపతి చుట్టుపక్కల ప్రైవేటు సర్వే పనులు చేస్తూ చాలా ఏళ్లుగా సివిల్ 3డీ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోగో కమాండ్లు, అంటే కోఆర్డినేట్ల లెక్కలు చేసే కమాండ్లు వాడుతున్నాను. చంద్రగిరి, పాకాల, వడమాలపేట వైపు అన్నదమ్ముల పంపకాలు, రేణిగుంట దగ్గర లేఔట్లు, అప్పుడప్పుడు కుప్పం దాకా వెళ్లి చేసే కొలతలు, అన్నిటికీ ఇవే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకు ఎక్కువగా దొరికే పాఠాలు బేరింగు (గీత దిశను చెప్పే కోణం), దూరం అనే దగ్గర మొదలై దాదాపు అక్కడే ఆగిపోతాయి. మన ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతలు రాసి ఉండే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్‌లో, బేరింగులు ఉండవు. దాంతో వాళ్లు ‘ఇవి మన పనికి రావులే’ అనుకుని స్కాన్ చేసిన ఎఫ్ఎంబీని తెర మీద పరిచి, దాని మీద మౌస్‌తో గీతలు గీసేస్తున్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కాగితం సాగి ఉంటుంది, మడత పడి ఉంటుంది, స్కాన్ వంకర పోయి ఉంటుంది. ఆ గీత మీద రేపు ఒకరి గెనిమ (పొలం గట్టు) జరుగుతుంది. మన రికార్డుకు సరిపోయే కమాండ్లు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి.

కోగో అంటే కోఆర్డినేట్ జామెట్రీ. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ చార్లెస్ మిల్లర్ దగ్గర పుట్టింది. ప్రోగ్రామింగ్ రాని ఇంజనీరు కూడా తన పని మాటలతోనే కంప్యూటర్ చేత లెక్క చేయించుకోవాలన్నది ఉద్దేశం. అక్కడి దస్తావేజుల్లో హద్దును ‘ఫలానా రాయి నుంచి ఉత్తరానికి ఇన్ని డిగ్రీలు తూర్పుగా, ఇన్ని అడుగులు’ అని రాస్తారు కాబట్టి బేరింగు కమాండే వాళ్లకు ప్రాణం. మన దస్తావేజులో ఉండేది చెక్కుబంది (నాలుగువైపులా ఎవరి భూమి ఉందో), విస్తీర్ణం. కొలతలన్నీ ఎఫ్ఎంబీలో ఉంటాయి. అది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్న పద్ధతి. రాయి నుంచి రాయికి జి లైను, దాని మీద అక్కడక్కడ లంబంగా ఆఫ్‌సెట్లు, పొలాన్ని త్రిభుజాలుగా కోసే అడ్డగీతలు. పాతవాటిలో కొలతలన్నీ లింకుల్లో ఉంటాయి. అంటే మన దగ్గర ఉన్నవి దూరాలే, కోణాలు కావు.

అందుకే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది రెండు దూరాల ఖండన కమాండ్. పాయింట్లు సృష్టించే మెనూలో ఇంటర్‌సెక్షన్ కింద డిస్టెన్స్, డిస్టెన్స్ అని ఉంటుంది. పాకాల వైపు ఒక మామిడి తోటలో చేసిన పని చెబుతాను. మూడు రాళ్ల త్రిభుజంలో రెండు రాళ్లు దొరికాయి, మూడోది లేదు. తోట పెద్దాయన ఒక చోట కాలితో చూపించి, ‘మా నాయన ఉండంగా ఈడే ఉండె సామీ, ట్రాక్టరు తగిలి పోయింది’ అన్నాడు. పక్క చేను ఆయన ఇంకా అవతల చూపించాడు. ఎఫ్ఎంబీలో ఉన్న రెండు రాళ్ల మధ్య దూరం 412 లింకులు. లేని రాయికి ఒక రాయి నుంచి 365, ఇంకో రాయి నుంచి 298.

లింకు అంటే పాతకాలపు సర్వే గొలుసు గంటర్ చైనులో నూరో వంతు, 0.201168 మీటరు. 412 లింకులు 82.88 మీటర్లు కావాలి. టోటల్ స్టేషన్‌తో (దూరం, కోణం కొలిచే యంత్రం) కొలిస్తే 83.02 వచ్చింది, 14 సెంటీమీటర్లు ఎక్కువ. వాడి వాడి సాగిన చైనుతో కొలిస్తే లింకుల లెక్క తగ్గుతుంది, నేల మీద దూరం దానికన్నా ఎక్కువ ఉంటుంది. ఇక్కడ వచ్చిన తేడా అదే దిశలో ఉంది. అందుకని మిగతా రెండు దూరాలనూ అదే నిష్పత్తిలో పెంచాలి. 365 లింకులు 73.43 కాదు, 73.55 మీటర్లు. 298 లింకులు 60.05 మీటర్లు. కమాండ్ పిలిచి, మొదటి రాయి పాయింటు చూపించి ఒక దూరం, రెండో రాయి చూపించి ఇంకో దూరం ఇస్తే చాలు, రెండు వలయాలు కలిసే చోట్లు చూపిస్తుంది. కలిసే చోట్లు మామూలుగా రెండుంటాయి, గీతకు ఇటొకటి అటొకటి. ఏది కావాలని అడుగుతుంది. ఎఫ్ఎంబీ చూసి మనమే చెప్పాలి. ఆ పాయింటును పొలంలో గుర్తు పెట్టి తవ్వించాం. జానెడు లోతులోనే విరిగిన రాయి మొదలు తగిలింది. ఇద్దరూ చూపించిన చోట్లకు మధ్యలో, పెద్దాయన చూపించిన వైపుకు దగ్గరగా.

ప్రతిసారీ రాయి దొరకదు. ఇక్కడ త్రిభుజం ఆకారం బాగుంది కాబట్టి లెక్క గట్టిగా నిలిచింది. రెండు దూరాలూ దాదాపు ఒకే గీతలో పడేలా పలచటి త్రిభుజం ఉంటే, దూరంలో పది సెంటీమీటర్ల తేడా ఖండన బిందువును అంతకు ఎన్నో రెట్లు పక్కకు లాగేస్తుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని హెచ్చరించదు. మూడు దశాంశాల దాకా చక్కగా సంఖ్య ఇస్తుంది. అప్పుడు వేరే రాయి నుంచి ఇంకో దూరం తీసుకుని సరిచూసుకోవడం మన పని.

రెండోది స్టేషన్, ఆఫ్‌సెట్. జి లైనును ఒక అలైన్‌మెంట్‌గా (దూరాలు లెక్కపెట్టే మూల గీతగా) చేసుకుంటే, ఎఫ్ఎంబీలో జి లైను మీద రాసిన అంకె స్టేషన్ అవుతుంది, పక్కన రాసిన లంబం ఆఫ్‌సెట్ అవుతుంది. కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. వంక వెంట పోయే హద్దులకు, చెరువు గట్టు పక్క పొలాలకు దీన్ని మించింది లేదు. గీసేటప్పుడు ఎఫ్ఎంబీలో ఉన్న వరసలోనే అంకెలు ఎక్కించుకుంటూ పోవచ్చు, పక్కన ఇంకొకరు చదువుతుంటే పని చకచకా సాగుతుంది. ఒకటే చిక్కు, యూనిట్లు. డ్రాయింగ్ సెట్టింగుల్లో మీటర్లు, అడుగులు ఉన్నాయి, లింకులు లేవు. నేను ముందే ఎక్సెల్‌లో గుణించి తెచ్చుకుంటాను. కొందరు లింకుల్లోనే గీసి తర్వాత స్కేలు చేస్తారు. అది నాకు నచ్చదు, ఒకే ఫైలులో లింకుల గీత, మీటర్ల గీత పక్కపక్కన ఉంటే మూడు నెలల తర్వాత తెరిచినవాడికి ఏది ఏదో తెలియదు.

బేరింగు కమాండ్ గురించి క్లుప్తంగా. గీత గీసే కమాండ్ మధ్యలో ముందు అపాస్ట్రఫీ పెట్టి బీడీ అని టైపు చేస్తే పాదం (క్వాడ్రంట్) 1 నుంచి 4 లోపు అడుగుతుంది, తర్వాత కోణం, తర్వాత దూరం. కోణం డిగ్రీలు, చుక్క, నిమిషాలు, సెకన్లు అన్న వరసలో ఇవ్వాలి. నలభై ఐదున్నర డిగ్రీలకు 45.30 అని కొట్టాలి. 45.5 అని కొడితే 45 డిగ్రీల 50 నిమిషాలుగా తీసుకుంటుంది. నూరు మీటర్ల గీతకు చివర 58 సెంటీమీటర్లు పక్కకు పోయినట్టే. టోటల్ స్టేషన్ ట్రావర్స్ (రాయి నుంచి రాయికి దిశ, దూరం వరసగా తీసిన కొలతలు) ఉన్నవాళ్లకు తప్ప దీని అవసరం మన వైపు తక్కువే.

నేను రోజూ వాడేది, ఎవరూ పెద్దగా చెప్పనిది ఇన్వర్స్. రెండు పాయింట్లు చూపిస్తే మధ్య దూరం, దిశ చెబుతుంది, అంతే. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే తర్వాత చాలా గ్రామాలకు ఎల్పీఎంలు (ల్యాండ్ పార్శిల్ మ్యాపులు) వచ్చాయి. ఇప్పుడు రైతు చేతిలో రెండు కాగితాలు, పాత ఎఫ్ఎంబీ, కొత్త ఎల్పీఎం. ఆయన అడిగేది ఒక్కటే, ‘నా హద్దు జరిగిందా లేదా?’ ఎల్పీఎం మూలల కోఆర్డినేట్లు ఎక్కించి, ఒక్కో గీతకూ ఇన్వర్స్ తీసి, పక్కన ఎఫ్ఎంబీ లింకుల్ని మీటర్లలో రాసి పెడితే జవాబు కళ్లముందే ఉంటుంది. విస్తీర్ణం ఒక్కటే చూసి తృప్తి పడేవాళ్లున్నారు. ఒకవైపు అర మీటరు పోయి ఇంకోవైపు అర మీటరు కలిస్తే విస్తీర్ణం సరిపోతుంది, గొడవ మాత్రం మిగులుతుంది. దూరాల పట్టిక ఇస్తే రైతే టేపు పట్టుకుని సరిచూసుకోగలడు.

ఎక్కించేటప్పుడు వరస చూసుకోవాలి. పాయింట్ల ఫైలులో నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం) ముందా, ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం) ముందా అని. తిరుపతిలో గుర్తు సులభం, యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కోఆర్డినేట్లు ఇచ్చే పద్ధతి) 44వ జోన్‌లో ఈస్టింగ్ మూడు లక్షల చిల్లర, నార్తింగ్ పదిహేను లక్షల చిల్లర ఉంటాయి. ఒక లేఔట్ పనిలో మాకు వచ్చిన ఫైలు తిరగేసి ఉంది. దాన్ని అలాగే ఎక్కిస్తే పొలం ఆకారం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

యూటీఎం మాట వచ్చింది కాబట్టి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పనిచేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. 44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల రేఖాంశం, మన తీరం దాటి బంగాళాఖాతంలో పోతుంది. ఆ రేఖ నుంచి పడమరకు పోయేకొద్దీ గ్రిడ్ దూరానికీ (కోఆర్డినేట్లతో లెక్కించిన దూరం) నేల దూరానికీ నిష్పత్తి మారుతూ ఉంటుంది. తిరుపతి దగ్గర ఈ నిష్పత్తి (స్కేల్ ఫ్యాక్టర్) సుమారు 0.99996, అంటే కిలోమీటరుకు నాలుగు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది, పట్టించుకోనక్కర్లేదు. చిత్తూరు టౌనుకు వస్తే కిలోమీటరుకు 12 సెంటీమీటర్లు ఎక్కువ. పలమనేరులో 33 దాకా. కుప్పంలో 60 దాటుతుంది. అక్కడ నేల ఎత్తు లెక్క కూడా కలిపితే కొంత తగ్గి అర మీటరు దగ్గర నిలుస్తుంది. నూరు మీటర్ల గట్టుకు ఐదు సెంటీమీటర్లు, రాళ్ల మధ్య టేపు పట్టే రైతుకు అది కనిపించదు. కిలోమీటరు పొడవు రోడ్డుకు, పెద్ద లేఔట్‌కు కనిపిస్తుంది. ఇన్వర్స్ ఇచ్చేది గ్రిడ్ దూరం. డ్రాయింగ్ సెట్టింగుల్లో ట్రాన్స్‌ఫర్మేషన్ ట్యాబులో స్కేల్ ఫ్యాక్టర్, ఎత్తు పెట్టుకునే చోటు ఉంది. కుప్పం, పలమనేరు పనులకు నేను మొదట తెరిచేది అదే. రోవర్ (శాటిలైట్లతో స్థానం చెప్పే యంత్రం) ఇచ్చిన దూరానికీ టోటల్ స్టేషన్ దూరానికీ పొంతన లేదని టెన్షన్ పడేవాళ్లు యంత్రాన్ని తిట్టుకునే ముందు ఇది చూడాలి.

మ్యాప్‌చెక్ గురించి చెప్పకపోతే అన్యాయం. హద్దు చుట్టూ గీతల దిశలు, దూరాలు అన్నీ ఇస్తే చివరి గీత మొదటి రాయికి ఎంత దూరంలో ఆగిందో, ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత తప్పిందో, ఆ తప్పు మొత్తం పొడవులో ఎన్నో వంతో చెబుతుంది. తప్పును సర్ది దాచిపెట్టదు, ఉన్నది ఉన్నట్టు బయట పెడుతుంది. అందుకే దాని మీద నాకు గౌరవం. ఆ రిపోర్టును నేను ప్లానుకు జత చేసి ఇస్తాను, అడగకపోయినా.

విస్తీర్ణం చదరపు మీటర్లలో వస్తుంది, మన జనానికి సెంట్లు, అంకణాలు కావాలి. ఇక్కడ పాత లింకులే సుఖం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పైన చెప్పిన త్రిభుజం ఎఫ్ఎంబీ కొలతల ప్రకారం 52,791 చదరపు లింకులు, అంటే 52.79 సెంట్లు. తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి సెంటుకు 12.1 అంకణాలు. ఈ రెండు అంకెలూ ఎక్సెల్‌లో పెట్టుకుంటే చాలు.

ఇంతకీ కొనాలా? సివిల్ 3డీకి ఏటా చందా కట్టాలి, చిన్న పనులు చేసుకునేవాళ్లకు అది భారమే. లేఔట్లు, రోడ్లు, లెవెల్స్ పనులున్నవాళ్లకు గిట్టుబాటవుతుంది. పొలాల పంపకాలే చేసేవాళ్లకు మామూలు క్యాడ్‌లో రెండు వలయాలు గీసి కలిసే చోటు పట్టుకున్నా అదే పాయింటు వస్తుంది. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో దూరం, కోణం లాక్ చేసి గీసే ప్యానెల్ కూడా ఉంది. ఏది వాడినా స్కాన్ మీద మౌస్‌తో గీయడం మాత్రం వదిలేయండి, ఎఫ్ఎంబీలో రాసిన అంకెలే ఎక్కించండి. కొత్తవాళ్లు మొదట రెండు దూరాల ఖండన, తర్వాత స్టేషన్ ఆఫ్‌సెట్, ఆ తర్వాత ఇన్వర్స్ నేర్చుకోండి. బేరింగు కమాండ్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.