ఆల్ఫావరల్డ్, లామ్డామూ: తిరగడానికి ఏది మేలు, కట్టడానికి ఏది మేలు?

ఎక్కడెక్కడివారో ఇంటర్నెట్‌లో కలుసుకుని, కలిసి తిరుగుతూ, ఇళ్ళూ వీధులూ కట్టుకోగల వర్చువల్ ప్రపంచాల చరిత్రను చాలామంది 2003లో మొదలైన సెకండ్ లైఫ్ నుంచి చెబుతారు. అంతకు చాలా ముందే రెండు పూర్తిగా భిన్నమైన పద్ధతులు నిలదొక్కుకున్నాయి. జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన పావెల్ కర్టిస్ 1990లో ప్రారంభించిన లామ్డామూ వాటిలో మొదటిది. అందులో ఒక్క బొమ్మ కూడా ఉండదు, గదులూ వస్తువులూ మనుషులూ అన్నీ అక్షరాలే. రెండవది రాన్ బ్రిట్విచ్ రూపొందించగా 1995లో తెరుచుకున్న ఆల్ఫావరల్డ్ అనే త్రీడీ లోకం. తిరగాలనుకునేవారికి ఆల్ఫావరల్డ్, కట్టాలనుకునేవారికి లామ్డామూ మేలని నా అభిప్రాయం. అయితే మొదటి చూపుకు ఇది తిరగబడినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే కట్టడం సులువుగా ఉండేది ఆల్ఫావరల్డ్‌లోనే.

అక్కడ శూన్యంలోంచి వస్తువును పుట్టించే వీలు లేదు. దగ్గరలో కనిపించే గోడనో పలకనో ఎంచుకుని, దానికి నకలు తీసి, బాణం మీటలతో కావలసిన చోటికి జరిపి, పేరు రాసే గడిలో మరో వస్తువు పేరు టైపు చేస్తే ఆ గోడ కాస్తా చెట్టో దీపస్తంభమో అవుతుంది. గంటలో గది, వారంలో ఇల్లు లేస్తాయి. కానీ ఆ పేర్లన్నీ నిర్వాహకులు ముందే సిద్ధం చేసిన జాబితాలోనివి కావడంతో, ఎవరి ఇంటికి వెళ్ళినా అవే కిటికీలు, అవే రోడ్డు ముక్కలు ఎదురవుతాయి. తలుపు తాకితే శబ్దం వచ్చేలా, బోర్డు నొక్కితే వెబ్‌పేజీ తెరుచుకునేలా చిన్న చిన్న ఆదేశాలు రాసుకోవచ్చు గాని, అంతకు మించి ఆ వస్తువులకు బుద్ధి నేర్పడం సాధ్యం కాదు.

లామ్డామూలో ఆ బుద్ధి నేర్పడమే అసలు పని. డిగ్ అనే ఆదేశంతో గది తవ్వుకుని, దానికి నాలుగు వాక్యాల వర్ణన రాస్తే గోడలు లేచినట్టే. ఆ తరువాత వస్తువుకు వెర్బులు, అంటే అది చేయగల పనులు, ప్రోగ్రాముగా రాయాలి. అప్పుడు పిలిస్తే వెంట వచ్చే కుక్క, ఎవరైనా తాకితే ఎదురు మాట్లాడే కుర్చీ తయారవుతాయి. యజమాని మూసి ఉంచకపోతే ఇతరుల కోడును చదివి, వారి వస్తువునే మాతృకగా తీసుకుని మన వస్తువును చేసుకోవచ్చు. పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకున్నట్టుగా చాలామంది ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఈ పద్ధతి అనువుగా ఉండేది. మనకు సంబంధించిన ఒక లోటు మాత్రం ఇక్కడ చెప్పాలి: ఆ సర్వరు ఆస్కీ అక్షరాలు, అంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కొన్ని గుర్తులూ, తప్ప మరేవీ ఎరగదు గనుక, తెలుగులో పెరటి బావిని వర్ణించాలన్నా ఇంగ్లీషు లిపిలోనే రాసుకోవాలి. ఆల్ఫావరల్డ్ గోడకు ఏ భాషా అక్కరలేదు.

ఇక నేల సంగతి. ఆల్ఫావరల్డ్ పొడవూ వెడల్పూ 655 కిలోమీటర్ల చొప్పున పరచుకున్న చదునైన మైదానం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒకటిన్నర రెట్లకు పైమాట. అదంతా పోరంబోకు భూమి లాంటిది. ఎవరు ముందు వస్తువు పెడితే ఆ చోటు వారిదే, పట్టా అడిగేవారు లేరు. పౌరసత్వం, అంటే శాశ్వత సభ్యత్వం, తీసుకున్నవారి కట్టడాన్ని ఇతరులు చెరపలేరు. పర్యాటకులుగా వచ్చినవారు కట్టినదానికి మాత్రం ఆ రక్షణ లేదు, తరువాత వచ్చిన పర్యాటకుడు దాన్ని పీకేయవచ్చు. 1997లో పౌరసత్వానికి ఏడాదికి ఇంత అని రుసుము పెట్టడంతో ఈ తేడా మరింత పదునెక్కింది. లామ్డామూలో నేలకు హద్దు లేదు గాని, ఒక్కొక్కరు ఎంత కట్టుకోవచ్చో కోటా ఉంటుంది. అది పెరగాలంటే వాడుకరులతోనే ఏర్పడిన సమీక్షా మండలిని ఒప్పించాలి. పైగా మన గదికి మరొకరి గదిలోంచి ద్వారం కావాలంటే వారి సమ్మతి తప్పనిసరి.

ఈ చివరి నియమమే తిరిగేవారి ఆనందాన్ని దెబ్బతీసిందని నేను అనుకుంటాను. లామ్డామూలో ప్రయాణం కోట్లు తగిలించే చీకటి గదిలో మొదలై, పక్కనే ఉన్న ముందుగదిలోకి, అక్కడి నుంచి వేడినీటి తొట్టె ఉన్న పెరటిలోకి సాగుతుంది. కర్టిస్ తన సొంత ఇంటి నమూనాలో కట్టిన ఆ భాగం ఎంతో ముచ్చటగా ఉంటుంది. దాన్ని దాటాక మాత్రం చాలా గదులు ఏ దారికీ అతకకుండా గాలిలో వేలాడుతుంటాయి, వాటి పేరో యజమానో తెలిస్తేనే చేరగలం.

ఆల్ఫావరల్డ్‌లో నడుస్తూ పోతే ఏదో ఒకటి తగులుతుంది. గ్రౌండ్ జీరో అనే నడిబొడ్డు చుట్టూ ఇళ్ళు కిక్కిరిసి ఉంటాయి. పైనుంచి తీసినట్టు తయారుచేసిన పటాల్లో ఆ ఊరు నక్షత్రంలా కనిపించింది. కోరిన చోటికి ఎగిరిపోయే టెలిపోర్ట్ సౌకర్యం వల్ల జనం గుర్తుంచుకోవడానికి తేలికైన, ఉత్తర దక్షిణాల అంకె, తూర్పు పడమరల అంకె ఒకేలా ఉండే చిరునామాలనో నేరుగా ఉత్తర దక్షిణాలుగా, తూర్పు పడమరలుగా సాగే గీతలనో పట్టుకుని కట్టుకుంటూ పోయారు. అలా ఏ ప్రణాళికా లేకుండానే ఊరికి కొమ్ములు మొలిచాయి. నిలువ నీడ కోసం కాక, మతిమరుపు కోసం వీధులు వేసిన ఊరు మరొకటి ఉంటుందనుకోను.

సెకండ్ లైఫ్ ఈ రెండింటి సుగుణాలనూ కలిపిందని అంటారు. కట్టేవారికి అది నిజమే కావచ్చు. అయితే మొదట్లో వస్తువుకు ఇంత అని పన్ను వేస్తే, 2003లో కట్టేవారు బోస్టన్ టీ పార్టీ అనే పాత అమెరికా పన్ను వ్యతిరేక నిరసనను తలపించేలా టీ పెట్టెలు పేర్చి నిరసన తెలిపారు; ఆ ఏడాది చివరికి వస్తువుల పన్ను పోయి, భూమికి నెలనెలా రుసుము వచ్చింది. రుసుము కట్టడం ఆపితే నేల చేజారుతుంది, దానిమీది ఇల్లు కూడా మాయమవుతుంది. కనుక అక్కడ శిథిలాలు అరుదు.

ఆల్ఫావరల్డ్‌లో శిథిలాలే సంపద. నడిబొడ్డుకు చాలా దూరాన, పచ్చటి మైదానం మధ్య ఒంటరిగా నిలిచిన సగం గోడ మీద మౌస్‌తో నొక్కితే, దాన్ని పెట్టిన పౌరుడి సంఖ్య, పెట్టిన తేదీ కనిపిస్తాయి. పక్కన రెండు రోడ్డు ముక్కలు, అదే సంఖ్య, అదే రోజు. ఆ తరువాత ఆ మనిషి మళ్ళీ ఒక్క ఇటుకైనా పెట్టిన జాడ చుట్టుపక్కల ఎక్కడా ఉండదు.