పర్సనాలిటీ టెస్టా, పద్ధతైన ఇంటర్వ్యూనా? ఉద్యోగానికి మనిషిని ఎంచడంలో ఏది మేలు

‘ఒప్పుకున్న పనిని గడువులోగా పూర్తి చేస్తాను.’ ఈ వాక్యం పక్కన ఐదు గళ్లు ఉంటాయి, ‘అస్సలు కాదు’ నుంచి ‘ముమ్మాటికీ నిజం’ దాకా. ఉద్యోగం అవసరమైన మనిషి ఏ గడిలో టిక్కు పెడతాడో చెప్పడానికి సైకాలజీ చదవక్కర్లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత గుర్తొస్తుంది. అయినా పర్సనాలిటీ టెస్టులనే ఈ రకం ప్రశ్నాపత్రాలు పుట్టి నూరేళ్లు దాటినా చావలేదు. వీటికి మూలపురుషుడు అమెరికా సైకాలజిస్టు రాబర్ట్ వుడ్‌వర్త్ తయారుచేసిన అవును-కాదు ప్రశ్నల పట్టిక. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫిరంగుల మోతకు మనసు చెదిరే అవకాశమున్న సైనికులను ముందే పసిగట్టాలన్నది ఆయన ఉద్దేశం. అది వాడకానికి వచ్చేసరికి యుద్ధమే అయిపోయింది.

ఉద్యోగాల దగ్గరికొస్తే ఈ టెస్టుకు పోటీదారులు చాలామందే ఉన్నారు. ఒకటి, అందరికీ అలవాటైన ముచ్చట ఇంటర్వ్యూ: ‘మీ గురించి చెప్పండి’తో మొదలై మాట ఎటు పోతే అటు పోయేది. రెండు, పద్ధతైన ఇంటర్వ్యూ: పనికి సంబంధించిన అవే ప్రశ్నలు, అదే వరసలో, అభ్యర్థులందరికీ, ఎలాంటి జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకుంటారు. మూడు, ఆప్టిట్యూడ్ పరీక్ష, అంటే తెలివి పరీక్ష. నాలుగు, చేయబోయే పనిలోంచే ఒక ముక్క తీసి చేయించి చూడటం. చేతిరాత చూసి గుణం చెప్పే పద్ధతి కూడా ఈ బరిలో ఉండేది. 85 ఏళ్ల పరిశోధనలన్నీ కుప్పపోసి చూసిన సైకాలజిస్టులు ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో దానికి వేసిన మార్కు 0.02. దాన్నిక పక్కన పెట్టేద్దాం.

ఈ మార్కు ఏమిటో ముందు చూడాలి. ఎంపికప్పుడు వచ్చిన స్కోరూ తర్వాత ఉద్యోగంలో కనబడిన పనితనమూ ఎంతవరకు కలిసి నడిచాయో చెప్పే సహసంబంధ గుణకం అది. సున్నా అంటే బొమ్మాబొరుసూ వేసి తీసుకున్నట్టే. ఒకటి అంటే పొల్లుపోని జోస్యం, అది ఎవరికీ దక్కలేదు. ష్మిట్, హంటర్ల లెక్కలో పని చేయించి చూడటానికి 0.54, తెలివి పరీక్షకు 0.51, పద్ధతైన ఇంటర్వ్యూకు 0.51, ముచ్చట ఇంటర్వ్యూకు 0.38, పర్సనాలిటీ టెస్టు కొలిచే గుణాల్లో ఒకటైన కర్తవ్యనిష్ఠకు 0.31 వచ్చాయి. రెండు దశాబ్దాలకు పైగా హెచ్‌ఆర్ పాఠాలకు ఈ పట్టికే ఆధారం. తెలివి పరీక్షే రాజు, మిగతావి దాని వెనక సామంతులు.

2022లో సైకాలజిస్టు పాల్ సాకెట్, ఆయన సహచరులు ఆ సింహాసనాన్ని కుదిపారు. తగువంతా ఒక సవరణ గురించి. ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లంతా ఎలాగూ జల్లెడ పట్టాక మిగిలినవాళ్లే కాబట్టి వాళ్ల స్కోర్ల మధ్య తేడా తగ్గిపోతుంది. అలా తగ్గినప్పుడు పరీక్ష అసలు బలం లెక్కలో కనబడదు. అందుకని పరిశోధకులు అంకెను కొంత పెంచి చూపుతారు. సబబే. కానీ చాలా అధ్యయనాల్లో టెస్టు పెట్టింది అప్పటికే పనిచేస్తున్న ఉద్యోగులకు. వాళ్లను ఆ టెస్టుతో ఏరలేదు. పట్టని జల్లెడకు సవరణ వేశారన్నమాట. ఆ అదనాన్ని తీసేసి చూస్తే పద్ధతైన ఇంటర్వ్యూ 0.42తో మొదటికి వచ్చింది. ఉద్యోగానికి కావాల్సిన విషయ పరిజ్ఞానాన్ని అడిగే పరీక్షకు 0.40, పని చేయించి చూడటానికి 0.33, తెలివి పరీక్షకు 0.31 మిగిలాయి. కర్తవ్యనిష్ఠ ప్రశ్నాపత్రం 0.19కి పడింది. ముచ్చట ఇంటర్వ్యూకూ సరిగ్గా అంతే, 0.19.

దశాంశాలు చూసి ఉద్రేకపడే ముందు వీటిని మనుషుల్లోకి మార్చి చూద్దాం. ఒక పద్ధతిలో పై సగంలో నిలిచినవాళ్లను వందమందిని తీసుకుంటే, వాళ్లలో పనిలోనూ పై సగంలో తేలేది ఎంతమంది? నాణెం ఎగరేసి తీసుకుంటే 50. గుణకం 0.19 అయితే దాదాపు 56, 0.31 అయితే 60, 0.42 అయితే 64. అందరికంటే ముందున్న పద్ధతి కూడా వందలో 36 సార్లు బోల్తా పడుతోంది. ఎంపిక సాధనాలు అమ్మేవాళ్ల బ్రోషర్లలో ఈ లెక్క నాకెక్కడా కనబడలేదు.

ఇక వ్యక్తిత్వం సంగతి. ఈ రంగంలో దాని జాతకం భలే ఎత్తుపల్లాలు చూసింది. 1965లో రాబర్ట్ గయాన్, రిచర్డ్ గోటియర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, ఉద్యోగ ఎంపికకు ఈ టెస్టులను సాధారణ సాధనంగా సిఫారసు చేయలేమని తేల్చేశారు. మూడేళ్లకు వాల్టర్ మిషెల్ ఇంకో దెబ్బ వేశాడు: మనిషి ప్రవర్తన సందర్భాన్ని బట్టి ఎంతో మారుతుందనీ, గుణాల టెస్టులు అంచనా వేయగలిగేది 0.30 దాటడం అరుదనీ. తర్వాత దాదాపు పాతికేళ్లు ఈ రంగంలో వ్యక్తిత్వం అంటే ముఖం తిప్పుకునేవాళ్లు. 1991లో మర్రే బారిక్, మైకేల్ మౌంట్ దాన్ని తిరిగి లేపారు. వందలకొద్దీ పేర్లతో తిరుగుతున్న గుణాలన్నిటినీ ఐదు పెద్ద గంపల్లోకి సర్ది (బహిర్ముఖత, సామరస్యం, కర్తవ్యనిష్ఠ, భావోద్వేగ స్థిరత్వం, కొత్తదనంపై ఆసక్తి) వృత్తులవారీగా చూశారు. కర్తవ్యనిష్ఠ ఒక్కటే అన్ని రకాల ఉద్యోగాల్లోనూ కాస్తో కూస్తో పనికొచ్చింది. బహిర్ముఖత మేనేజర్లకూ సేల్స్ మనుషులకూ మాత్రమే కలిసొచ్చింది. అక్కణ్ణుంచి మళ్లీ టెస్టుల జోరు. 2007లో ఈ రంగంలోని ప్రముఖ పత్రికలకు సంపాదకులుగా చేసిన పరిశోధకులే కొందరు కలిసి, ఇంత తక్కువ బలమున్న వాటిని ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నాం అని మళ్లీ నిలదీశారు. అవతలి పక్షమూ అంతే గట్టిగా జవాబిచ్చింది. ఆ రగడ ఇంకా ఆరలేదు.

టెస్టు బలహీనతకు కారణం అడిగితే పది మందిలో తొమ్మిది మంది ‘జనం అబద్ధం చెబుతారు’ అంటారు. నిజమే. దరఖాస్తుదారులు మామూలు జనం కంటే తమకు ఎక్కువ మార్కులు వేసుకుంటారని అధ్యయనాలు చూపించాయి. దీన్ని అడ్డుకోవడానికి ‘ఈ రెండు మంచి గుణాల్లో మీకు ఏది దగ్గర?’ అని బలవంతంగా ఒకదాన్ని ఎంచుకోమనే ప్రశ్నాపత్రాలూ వచ్చాయి. కానీ నా అనుమానం ఇంకో చోట ఉంది. టెస్టులోని వాక్యాలకు పనితో చుట్టరికం లేకపోవడమే పెద్ద జబ్బు. ‘నేను పద్ధతిగా ఉంటాను’ అంటే ఎక్కడ, ఇంట్లోనా, ఆఫీసులోనా? ఇంటి అల్మరా చిందరవందరగా ఉంచి, ఖాతాలు మాత్రం పైసాతో సహా సరిచూసే మనిషి మనందరికీ తెలుసు. అవే వాక్యాలకు ‘పని దగ్గర’ అన్న రెండు మాటలు చేరిస్తే అంచనా బలం పెరుగుతుంది. సాకెట్ బృందం పట్టికలోనే కర్తవ్యనిష్ఠ 0.19 నుంచి 0.25కి ఎక్కింది. అబద్ధాలు చెప్పేవాళ్లు వాళ్లే, జనం మారలేదు, ప్రశ్న మారింది.

ఇంకో చిత్రం. అదే గుణాల పట్టికను మనిషికి ఇవ్వకుండా, అతనితో కలిసి పనిచేసినవాళ్లకు ఇచ్చి నింపమంటే అంచనా గణనీయంగా మెరుగుపడుతుంది. మన గుణం మనకంటే పక్కసీటువాళ్లకే బాగా తెలుసన్నమాట. ఎంపికలో దీన్ని వాడుకోవడం మాత్రం కష్టం, పాత ఆఫీసువాళ్లు నిజం చెప్పరు.

ఇదే ఊపులో పదహారు రకాల మనుషులంటూ నాలుగక్షరాల ముద్ర వేసే మైయర్స్-బ్రిగ్స్ గురించి ఒక్క మాట. కొన్ని వారాల తేడాతో మళ్లీ రాస్తే చాలామందికి వేరే ముద్ర పడుతుంది. ఉద్యోగ ఎంపికకు వాడొద్దని దాన్ని ప్రచురించే సంస్థే చెబుతోంది. దాన్ని చూసి మనుషుల్ని వడకట్టే ప్యానెల్‌లో నేనొకసారి కూర్చున్నాను. ‘మన టీమ్‌కు ఈ నాలుగక్షరాలు పడవు’ అన్న మాట విన్నాక ఆ అభ్యర్థి రెజ్యూమెను ఎవరూ తెరవలేదు.

ఇంటర్వ్యూకి వద్దాం. టెస్టును వెక్కిరించేవాళ్లలో ఎక్కువమంది ‘ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చుంటే చాలు, మనిషిని చదివేస్తాను’ అనే రకం. వాళ్లు వినాల్సిన ప్రయోగం ఒకటుంది. జేసన్ డేనా, రాబిన్ డాస్, నాథనియల్ పీటర్సన్ 2013లో ప్రచురించారు. విద్యార్థులు తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి వాళ్లకు రాబోయే గ్రేడ్లను ఊహించాలి. కొందరు ఇంటర్వ్యూల్లో అవతలివాళ్లు నిజం చెప్పకుండా, ముందే పెట్టుకున్న ఒక గుడ్డి లెక్క ప్రకారం అవును, కాదు అంటూ పోయారు. అడిగినవాళ్లు ఆ సంగతి పసిగట్టలేదు. పైగా మనిషి గురించి తెలిసింది అన్న నమ్మకంతో లేచారు. ఇంటర్వ్యూ చేయకుండా పాత గ్రేడ్లు మాత్రమే చూసి ఊహించి ఉంటే ఇంతకంటే మెరుగ్గా ఉండేది. పైన పటారం లోన లొటారం అని అభ్యర్థుల్ని అంటాం గానీ, అది ఇంటర్వ్యూ చేసేవాళ్ల నమ్మకానికి ఇంకా బాగా అతుకుతుంది.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. 1955లో ఇరవయ్యేళ్లు దాటీ దాటని సైకాలజిస్టు డానియల్ కానమన్‌ను ఇజ్రాయెల్ సైన్యం కొత్త సైనికుల ఇంటర్వ్యూ తయారుచేయమంది. అప్పటిదాకా సాగుతున్న ఇంటర్వ్యూ పదిహేను ఇరవై నిమిషాల కబుర్లు, చివర్లో ఒక మొత్తం అభిప్రాయం. ఆ అభిప్రాయానికీ తర్వాతి సేవకూ పొంతన లేదు. ఆయన ఆరు గుణాలు తీసుకున్నాడు. ఒక్కోదానికి జరిగిపోయిన జీవితంలోంచి వాస్తవాలు అడగాలి: ఎన్ని ఉద్యోగాలు చేశారు, ఎంత క్రమంగా హాజరయ్యారు, ఆటల్లో ఎంత పాల్గొన్నారు. ఒక గుణానికి మార్కు వేశాకే రెండోదానిలోకి అడుగు పెట్టాలి. ఇంటర్వ్యూ చేసే కుర్రకారు తిరగబడ్డారు, మమ్మల్ని రోబోలను చేస్తున్నారని. రాజీగా ఆయన చివర్లో ఒక పని కలిపాడు: అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని, ఈ మనిషిని సైనికుడిగా ఊహించుకుని ఒక మార్కు వేయండి. నెలల తర్వాత చూస్తే కొత్త పద్ధతి పాతదానికంటే ఎంతో మెరుగు. విచిత్రమేమిటంటే ఆ కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా ఆరు మార్కుల మొత్తంతో సమానంగా నిలబడింది. అంతర్‌దృష్టి పనికిరానిదేం కాదు. ముందు వాస్తవాల గడప దాటి రావాలి, అంతే.

గమనించారా, ఆ ఆరూ గుణాలే. బాధ్యత, సమయపాలన, కలుపుగోలుతనం లాంటివి. కానమన్ కొలిచింది వ్యక్తిత్వాన్నే, కొలిచిన తీరు మాత్రం ఇంటర్వ్యూ. అందుకే ‘టెస్టా, ఇంటర్వ్యూనా’ అన్న ప్రశ్నను నేను కొంచెం పక్కకు తిప్పుతాను. ఏం కొలుస్తున్నాం అన్నది ఒకటి, ఎలా కొలుస్తున్నాం అన్నది మరొకటి. పద్ధతైన ఇంటర్వ్యూ గెలిచింది అడిగే తీరులో. గుణం అన్న ఊహ ఓడిపోలేదు, గళ్లలో టిక్కు పెట్టించడం ఓడింది.

గుణం ఓడిపోలేదనడానికి గట్టి సాక్ష్యం అమెరికా సైన్యమే ఇచ్చింది. 1980లలో ‘ప్రాజెక్ట్ ఎ’ పేరుతో వేలమంది సైనికుల పనితీరును ఒక్క మార్కుగా కాక, విడివిడి ముక్కలుగా కొలిచారు. 1990లో వచ్చిన ఫలితాల్లో, వృత్తి నైపుణ్యంతో తెలివి పరీక్షల సంబంధం 0.63, స్వభావ పరీక్షలది 0.26. కానీ క్రమశిక్షణ దగ్గర తిరగబడింది: తెలివి 0.16, స్వభావం 0.32. చేయగలగడం వేరు, చేయడం వేరు. ‘మంచి ఉద్యోగి’ అన్న ఒక్క మాటలో ఈ రెండింటినీ కలిపేస్తాం కాబట్టే ఏది మేలన్న తగువు తెగదు.

మరి చేతికి ఒకే ఒక్క సాధనం ఇస్తానంటే? పద్ధతైన ఇంటర్వ్యూ. ఇందులో నాకు సందేహం లేదు, ఒక్క షరతు తప్ప: ప్రశ్నలు రాయడానికి ముందు ఆ పనిని దగ్గరుండి చూసిన మనిషి కావాలి. అంతర్జాలంలో దొరికిన ప్రశ్నల జాబితాను అందరికీ వరసగా అడిగితే అది పద్ధతి అనిపించుకోదు. అనుభవమున్నవాళ్లను తీసుకుంటుంటే విషయ పరిజ్ఞానం పరీక్షో, పని ముక్కో తోడు పెట్టాలి. ఏ అనుభవమూ లేని కొత్తవాళ్లు వేలల్లో వస్తే ఆప్టిట్యూడ్ పరీక్ష తప్పించుకోలేం. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఆప్టిట్యూడ్ పరీక్షకు ఒక వెల ఉంది: సమాజంలోని వర్గాల మధ్య చదువు అవకాశాల తేడాలన్నీ ఆ స్కోర్లలోకి వచ్చేస్తాయి. 1971లో గ్రిగ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఒక వర్గాన్ని ఎక్కువగా బయటికి నెట్టే పరీక్షకు పనితో సంబంధం ఉందని యజమానే చూపాలంది, ఇందుకే.

పర్సనాలిటీ టెస్టును చెత్తబుట్టలో వేయమనను. చవక, ఒకేసారి ఎందరికైనా పెట్టొచ్చు, తెలివి పరీక్షకు అందని క్రమశిక్షణను కాస్త పట్టుకుంటుంది. కానీ మార్కుల కత్తిగా వాడితే 0.19 మీద మనుషుల బతుకులు తేలుస్తున్నట్టే. నేనైతే దాన్ని ఇంటర్వ్యూకు ప్రశ్నలు అందించే ముడిసరుకుగా వాడతాను. మొదట చెప్పుకున్న వాక్యమే తీసుకోండి. ఐదు గళ్లు కొట్టేసి ఇలా అడగొచ్చు: ‘ఒప్పుకున్న గడువు దాటిపోతుందని మీకు మొదట తెలిసిన రోజున ఎవరికి చెప్పారు, ఏమని చెప్పారు, అప్పటికి ఇంకా ఎన్ని రోజులు మిగిలి ఉన్నాయి?’