మంచం పట్టినవాళ్ళ నోటికి బ్రష్షా, తడిగుడ్డా?

"అమ్మ కోసం వృద్ధాశ్రమంలో బ్రష్ ఇచ్చి రావాలా, చివర స్పాంజి ఉండే పుల్లలు కొనివ్వాలా?" చూడ్డానికి వచ్చే కొడుకులూ కూతుళ్ళూ నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ఆయాలకు తడిగుడ్డే ఇష్టం. గాజుగుడ్డ వేలికి చుట్టి, నీళ్ళలో ముంచి పిండి, నోట్లో ఓ చుట్టు తిప్పితే పని అయిపోతుంది. పళ్ళు ఒక్కటీ లేని నోటికి అది బాగానే పనికొస్తుంది. పళ్ళుంటే మాత్రం గుడ్డ పైపైన జారిపోతుంది, చిగురు అంచున పాచి అలాగే ఉండిపోతుంది. స్పాంజి పుల్లదీ అదే తీరు. పైగా కొరికితే ముక్క ఊడి గొంతుకు అడ్డం పడొచ్చు. బ్రిటన్‌లో 2012లోనే దీని మీద హెచ్చరిక వచ్చింది. మతిమరుపుతో పళ్ళు బిగించేవాళ్ళకు నేనైతే వాడనివ్వను.

నేను బ్రష్ వైపు మొగ్గడానికి కారణం పళ్ళు కాదు, ఊపిరితిత్తులు. మింగడం సరిగా రానివాళ్ళకు పాచిలోని క్రిములు ఉమ్మితో పాటు శ్వాసనాళంలోకి దిగుతాయి. జపాన్‌లో 11 వృద్ధుల సంరక్షణ గృహాల్లో రెండేళ్ళు గమనించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. తిన్న ప్రతిసారీ పళ్ళు తోమించిన 184 మందిలో 21 మందికి న్యుమోనియా వస్తే, ఆ ఏర్పాటు లేని 182 మందిలో 34 మందికి వచ్చింది.

అయితే బ్రష్‌తోనూ జాగ్రత్త కావాలి. వెల్లకిలా పడుకోబెట్టి తోమితే నురగ నేరుగా గొంతులోకే పోతుంది. కూర్చోబెట్టాలి, కుదరకపోతే పక్కకు తిప్పాలి. పిల్లల బ్రష్ లాంటి చిన్నది, మెత్తనిది చాలు. పేస్టు పెసరగింజంత. ఉమ్మలేనివాళ్ళకు చివర్లో గాజుగుడ్డతో తుడవాలి. గుడ్డకు అసలు పని అక్కడే.

బ్యాటరీ బ్రష్ మంచిదే, ఆ చప్పుడుకు బెదరనివాళ్ళకు. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే నోటి మందు డాక్టరు చెబితేనే, అదీ కొన్నాళ్ళే. పళ్ళకు గోధుమ మరకలు పడతాయి. వేపపుల్ల సంగతి అడక్కండి, నమిలే ఓపిక ఉంటే వాళ్ళే తోముకునేవారు.

కట్టుడు పళ్ళయితే రాత్రి తీసి నీళ్ళలో వెయ్యాలి. డబ్బా మీద పేరు రాసివ్వండి. ఒకచోట అందరివీ ఒకే బేసిన్‌లో కడిగి, ఎవరివి ఎవరివో తేల్చడానికి పూటంతా పట్టింది.

రోజుకు ఒక్కసారే వీలవుతుందని ఆయా అంటే, రాత్రి తిన్నాక తోమమనండి. పాచిముఖంతో కాఫీ ముట్టని పెద్దావిడయితే మాత్రం పొద్దున కూడా తప్పదు.